సగటు నీళ్ళు

నుకుస్ నుంచి వచ్చిన అధికారి
గోడ మీది గ్రాఫు చూసి మెచ్చుకున్నాడు:
"కళ్ళకు కట్టినట్టుంది, సర్బినాజ్."
నిజమే. నీలం గీత, అడుగున సంవత్సరాలు, పక్కన మీటర్లు.
మొయ్నాక్ మ్యూజియంలో అంతకంటే అందమైనది ఏదీ లేదు,
చేపల డబ్బాల మీది పాత లేబుళ్ళు తప్ప.

ఆ వారమే తిలెవ్‌మురత్ తాత వచ్చాడు,
మనవరాలు అయ్‌జమాల్ భుజం పట్టుకుని.
ఉప్పుగాలి ఆయన కళ్ళకు ఏనాడో గంతలు కట్టేసింది.
"సముద్రం బొమ్మేదో పెట్టారటగా" అంటూ
గాజుపలక మీద అరచెయ్యి ఆనించాడు.
చల్లగా ఉంది, అన్నాడు.
అంతే.

ఆ రాత్రి ఎక్సెల్ మూసేసి
ప్లైవుడ్ చెక్క ముందేసుకున్నాను.
ఏడాదికొక మేకు. మీటరుకొక వేలెడు.
మేకు నుంచి మేకుకి వలదారం.
ఎనభై ఆరు దగ్గర చెక్క అయిపోయింది.
ఇంకో ముక్క అడిగితే వడ్రంగి పెర్దెబాయ్ విసుక్కున్నాడు:
"ఇంకా ఎంత దిగుతుందమ్మా నీ సముద్రం?
ముందే చెబితే తలుపే ఊడదీసి ఇచ్చేవాణ్ణిగా!"

తాతను కూర్చోబెట్టి
అరవయ్యో మేకు మీద ఆయన చూపుడువేలు పెట్టాను.
కాసేపు కదల్లేదు.
"ఇక్కడ ఈత నేర్చుకున్నాను."
తర్వాత వేలు దిగడం మొదలెట్టింది,
చీకట్లో మెట్లున్నాయని తెలిసినవాడి కాలులా.
డెబ్భై నాలుగు:
"పెళ్ళికూతుర్ని పడవలోనే తెచ్చాను.
దారంతా వాంతులు. ఎవరికీ చెప్పొద్దంది పాపం."
అయ్‌జమాల్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డెబ్భై ఎనిమిది దగ్గర వేలు ఆగింది.
వెనక్కెళ్ళింది. మళ్ళీ వచ్చింది.
"ఇక్కడ తప్పుంది."

లేదు తాతా, లెక్కలు రెండుసార్లు సరిచూశాను.

"ఉత్తరపు గాలి. మూడు రాత్రులు.
పోయిన నీళ్ళు రేవు దాకా తిరిగొచ్చాయి.
బురదలో కూరుకుపోయిన పడవ
నా కాళ్ళ కింద లేచింది. ఊగింది.
ఆ ఊపేదీ ఇందులో?"

ఇది ఏడాది సగటు, అన్నాను.
ఆ మూడు రాత్రులూ
మిగతా మూడు వందల అరవై రెండింటిలో కలిసిపోతాయి.

"సగటు నీళ్ళలో పడవేసినవాడు
ఎవడైనా ఉన్నాడా, పిల్లా?"

నా దగ్గర కొలతలున్నాయి. జవాబు లేదు.

దారం అడిగాడు. పళ్ళతో తుంచాడు.
చినిగిన వలకు వేసే ముడి,
జొన్నగింజంత,
తడుముకోకుండా ఆ మేకుకి వేసేశాడు.
దాని మీద వేలు ఒకసారి రాసి చూసుకున్నాడు,
రొట్టె కాలిందో లేదో చూసినట్టు.

ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు.
చెక్క అతికినచోట చిన్న కుదుపు,
తొంభైలు,
అంచు,
గాలి.
చెయ్యి అలాగే గాల్లో కొంచెంసేపు ఉంచి
టీ ఉందా, అన్నాడు.

ఆయన వెళ్ళాక కార్డు రాశాను:
1978. మూడు రాత్రులు. గాలి, ఉత్తరం నుంచి.
నీటి ఎత్తు: ఒక పడవ ఊగేటంత.
ఆధారం: తిలెవ్‌మురత్ రెండు కాళ్ళు.

నా బీరువాకు సొరుగులు నాలుగు,
నీరు, చేపలు, పడవలు, మనుషులు.
ఒక్కొక్కటే తెరిచాను. ఒక్కొక్కటే మూశాను.
కార్డు ఇంకా బల్ల మీదే ఉంది,
టీ గిన్నె గుండ్రటి మరకతో.
అధికారి అడిగితే
వర్గీకరణ జరుగుతోందని చెబుతాను.

బడిపిల్లలొస్తే కళ్ళు మూసుకోమంటున్నాను.
వేళ్ళు గీత వెంట బుద్ధిగా దిగుతాయి,
ముడి దగ్గర తట్టుకుంటాయి.
"మేడమ్, ఇక్కడ దారం చిక్కుపడింది!"
నిన్న ఒకడు నేను చూడనప్పుడు విప్పబోయాడు.
లాగినకొద్దీ
బిగుసుకుంది.